సలోమికి నేను అందనివ్వని రొట్టె

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. దాన్ని అలాగే ఉంచుకుని పాటలు పాడాను, ప్రార్థనలు నడిపించాను, ఎందరినో గద్దించాను. బయటివాళ్లకు నా గొంతు బాగానే వినపడింది. ఇంకా చెప్పాలంటే, కొంచెం ఎక్కువగానే వినపడింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లతో అయితే వాదనకు దిగుతాను. అది నా జబ్బు. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపే ఆమె ఏమనబోతుందో పట్టేసి, దానికి జవాబు చెప్పి, ఆమెను కూర్చోబెట్టి, తర్వాత ఇంటికొచ్చి మంచినీళ్లు తాగే రకం నేను. సంఘంలో నన్ను చూస్తే పెద్దలు కూడా కుర్చీ సర్దుకుంటారు. నిలకడ గల విశ్వాసి అని నాకు పేరు. దీనురాలు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవని నాకు తెలియడానికి ఒక మనిషి మట్టిలోకి వెళ్లాల్సి వచ్చింది.

ఆమె పేరు సలోమి.

మేమిద్దరం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. నాకంటే కొంచెం చిన్నది. చెరుకు ఆడే కాలంలో మా బట్టలకు, మా జడలకు, మా అన్నానికి కూడా మడ్డి వాసన ఉండేది. ఇద్దరం ఒకే పొద్దున కాలువలో బాప్తిస్మం తీసుకున్నాం. సలోమికి నీళ్లంటే భయం. నా చెయ్యి పట్టుకుని దిగింది. అప్పుడు నాకు భయం లేదు. ఉంటే బాగుండేదేమో.

నేను చదువుకున్నాను. ఎమ్మే చేసి, నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాను. సలోమి పదో తరగతి దగ్గరే ఆగి, మోస్రా పక్క నుంచి చెరుకు బండి తోలుకొచ్చే సాయిలును పెళ్లి చేసుకుంది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు బారులు తీరి రోజుల తరబడి ఆగేవి. నీళ్ల కోసం క్వార్టర్లకు వచ్చిన పిల్లగాడికి చెంబు అందించి, చివరకు మనసే అందించింది. అతను హిందువు. పెళ్లికి సంఘం మొహం ముడుచుకుంది. ఆమె మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. మోస్రా నుంచి బస్సెక్కి వచ్చేది. వర్షమొస్తే తడిసి వచ్చేది.

ఇంట్లో ఆమెకు అత్త బొట్టు పెట్టేది. అత్తకు పెద్దకొడుకు చిన్న వయసులోనే పోయాడు. మిగిలినవాడి పెళ్లాం నుదురు బోసిగా కనపడితే ఆ ముసలామెకు చెయ్యీ కాలూ ఆడేది కాదు. కోడలి బొట్టులోనే కొడుకు ప్రాణం ఉందని ఆమె నమ్మకం. సలోమి పెట్టించుకునేది. ఆదివారం మందిరం గేటు దగ్గర కొంగుతో తుడుచుకుని, ఆ కొంగే తలమీద కప్పుకుని లోపలికి వచ్చేది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

మా సంఘంలో బొట్టు చిన్న విషయం కాదు. పెట్టుకోకూడదా, పెట్టుకుంటే ఏమిటి అని మీరు నాతో వాదించబోతున్నారేమో. వద్దు. ఆ వాదన నాకు రెండు వైపుల నుంచీ వచ్చు. ఎటు నిలబడమన్నా గెలుస్తాను. సంగతి అది కాదు.

సంగతేమిటంటే, ఆ కాలంలో నేనూ పెట్టుకున్నాను.

నిజామాబాద్‌లో ఒక ఇంటి పైపోర్షన్‌కు అద్దెకు వెళ్లాం. మంచి వీధి, నీళ్ల ఇబ్బంది లేదు, కాలేజీకి నడిచిపోయే దూరం. ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందు దుకాణంలో ఒక స్టిక్కర్ల అట్ట కొన్నాను. ఇల్లు గలామె నన్నేమైనా అడిగిందా? లేదు. ఏం కులపోళ్లు, ఏ దేవుణ్ని మొక్కుతారు అని ఒక్క మాట అడగలేదు. అడుగుతుందేమోనని నేనే ఊహించుకున్నాను. ఊహించుకుని, అడక్కముందే జవాబు పెట్టుకుని వెళ్లాను, నుదుటి మీద. చెప్పాను కదా, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే జవాబు చెప్పే రకాన్ని.

ఒకసారి పెట్టుకున్నాక తీయడమెలా? రేపటి నుంచి మానేస్తే ఏమైందని అడగదా? అలా రోజులు నెలలయ్యాయి. వారమంతా నిజామాబాద్‌లో బొట్టుతో. ఆదివారం బోధన్ బస్సులో జానకంపేట దాటాక దాన్ని వేలితో తీసి ముందు సీటు కమ్మీకి అంటించేదాన్ని. బోధన్‌లో దిగేసరికి నేను స్త్రీల సమాజం పెద్దను. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నాతో వాదించి ఇంట్లో ఎవరు బాగుపడ్డారు గనక.

ఇప్పుడు ఆ రోజు గురించి చెప్పాలి.

సలోమి తన అత్త కంటి ఆపరేషన్ కోసం నిజామాబాద్ సర్కారు దవాఖానాకు వచ్చింది. ముసలామెను మంచం మీద పడుకోబెట్టి, నన్ను చూసిపోదామని అడ్రసు అడుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. చేతిలో మక్కకంకుల సంచి. తలుపు తీశాను. మెట్ల మీద ఇల్లు గలామె చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది.

మావాళ్లు ఒకరినొకరు చూడగానే వందనాలు అంటారు. ఎక్కడైనా సరే, బస్టాండులోనైనా, మార్కెట్లోనైనా. సలోమి పెదవులు ఆ మాటకే తెరుచుకున్నాయి. అంతలో నా నుదురు చూసింది. మెట్ల మీదున్నామెను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"నమస్తే అక్క," అంది. గట్టిగా, ఆమెకు వినపడేలా.

పుట్టిన దగ్గర్నుంచి ఆమె నాకు నమస్తే చెప్పడం అదే మొదలు. నా కోసం ఆ మాట మింగింది. లోపలికి రానిచ్చి తలుపు వేశాను.

"ఏం చూస్తున్నవ్?" అన్నాను.

"ఏం లేదక్క. కంకులు లేతగున్నయి, ఇయ్యాల్నే ఉడకబెట్టు."

"ఇంటి కోసం పెట్టుకున్న. నీ లెక్క కాదు."

"నేనేమన్న అన్ననా?"

"అనకు. ఎవ్వరితోని అనకు."

ఆమె నవ్వింది. "నీకు మంచిగనే ఉందక్క, చిన్నగ. మా అత్తనైతే రూపాయి బిళ్లంత పెడ్తది నాకు. బస్సుల పోరగాండ్లు సుత అమ్మోరని దండం పెడ్తరు."

నేను నవ్వలేదు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"బుగులైతుందా అక్క నీకు? ఇద్దరం కలిసి జర్ర ప్రార్థన చేసుకుందామా?"

"మెల్లగ మాట్లాడు. బయట ఆమె ఉంది."

మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ప్రార్థన చెయ్యలేదు. కంకులు ఉడకబెట్టానో లేదో గుర్తులేదు.

నన్ను నిలదీసి ఉంటే ఆమెను క్షమించగలిగేదాన్నే. ఎగతాళి చేసినా సరే, నాలుగు మాటలతో నోరు మూయించి ఉండేదాన్ని. జాలిపడింది చూడండి, అది నాకు పడలేదు. నేను చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించిన పిల్ల నన్ను భయమేస్తుందా అని అడిగింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె మందిరంలోకి రాగానే నా చూపు ముందు ఆమె నోటి మీదికి పోయేది. ఎవరితో మాట్లాడుతోంది? ఏం మాట్లాడుతోంది? ఆమె పక్కామె నావైపు ఎందుకు చూసింది? సలోమి ఏమీ చెప్పలేదు. చెప్పదని నాకు లోపల తెలుసు కూడా. అయినా నేను ఆగలేదు. ఆమె చెప్పేలోపు ఆమె మాటకు విలువ లేకుండా చెయ్యాలనుకున్నాను. ఇలా అనుకుని చేశానా, లేక చేసిన తర్వాత ఇప్పుడు ఇలా అర్థం చెప్పుకుంటున్నానా? రెండూ అయి ఉండొచ్చు. ఒక్కటి మాత్రం ఖాయం. ఒక శుక్రవారం ఉపవాస కూడికకు ఏం మాట్లాడాలో నిజామాబాద్ నుంచి బస్సులో సిద్ధం చేసుకుంటూ వచ్చాను. అదే బస్సులో, అదే జానకంపేట దాటాక, నా నుదుటిది తీసి కమ్మీకి అంటించి మరీ.

గేటు దాకా ఒక ముఖం, గేటు లోపల ఒక ముఖం ఉన్నవాళ్లు మన మధ్య కూర్చున్నారన్నాను. దేవుడు గేటు బయట గుడ్డివాడా అని అడిగాను. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకుండా మాట్లాడటం నాకు బాగా వచ్చు. ఆడవాళ్లందరూ సలోమి వైపు తిరిగారు. నుదుటి మీద తుడిచిన చోట ఎర్రగా మరక ఇంకా ఉంది.

ఆమె నావైపు చూస్తుందని ఎదురుచూశాను. ఒక్క చూపు చాలు, నేను పట్టుబడిపోయేదాన్ని. ఆమె చూడలేదు. చాప అంచు పోగులు సర్దుకుంటూ కూర్చుంది.

మాట పాస్టరు అయ్యగారి దాకా పోయింది. ఆయన మెత్తటి మనిషి. కానీ స్త్రీల సమాజం పట్టు పడితే పెద్దలు పట్టు పడతారు, పెద్దలు పట్టు పడితే ఆయన ఏం చెయ్యగలడు? సలోమిని పిలిచారు. ఇకపై పెట్టుకోనని సంఘం ముందు మాటిస్తే చాలన్నారు. అందరూ ఇస్తారు అలాంటి మాట. ఇచ్చి ఇంటికి పోతారు. ఎవరూ వెంట వెళ్లి చూడరు. నేనైతే ఇచ్చేదాన్ని.

"మాట ఇయ్యలేనయ్యా," అంది సలోమి. "ఇంటికి పోయినంక ముసలామె మళ్ల పెడ్తది, నేను పెట్టించుకుంట. ఆమె నా మొఖం చూసుకొని బతుకుతుంది. అబద్ధమాడి రొట్టె తినలేను. నేను ఎనక కూసుంట. నన్ను రావద్దని మాత్రం అనకుండ్రి."

ఆ రోజు నుంచి ఆమెకు ప్రభు బల్ల, అంటే ప్రభువు పేరిట పంచే రొట్టె, ఆపేశారు.

మా మందిరంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్లెం వరస వెంట చేతులు మారుతూ వస్తుంది. చివరి వరసలో సలోమి. పళ్లెం తన దగ్గరికి రాగానే రెండు చేతులా అందుకుని, తల వంచి, ముక్క తీసుకోకుండా పక్కామెకు అందించేది. పళ్లెం ఆమె దగ్గరికి పోకుండా పక్కనుంచి దాటించవచ్చు. ఎవరో అలా చేయబోతే, అందించే భాగ్యమైనా ఉండనీ అందట. నేను ముందు వరసలో ఉండేదాన్ని. తీసుకుని తినేదాన్ని. ఏళ్ల తరబడి, నెలనెలా, అబద్ధంతో కలిపి నమిలాను. మొదట్లో గొంతు పట్టేసినట్టుండేది. తర్వాత అదీ లేదు. అలవాటైపోయింది. నా గురించి ఇంతకంటే భయంకరమైన మాట నేను మీకు చెప్పలేను.

కొంతకాలానికి ఆ ఇల్లు ఖాళీ చేశాం. సామాన్లు ఎక్కిస్తుంటే మా అత్తగారి పాత ఫోటో ఒకటి, మెడలో సిలువ గొలుసుతో ఉన్నది, బయటపడింది. ఇల్లు గలామె చేతిలోకి తీసుకుని చూసి, మీరు చర్చికి పోయేటోళ్లా, చెప్పనేలేదే అంది. అంతే. ముఖంలో ఏమీ లేదు. మాకంటే ముందు అదే పోర్షన్‌లో ఒక ముస్లిం కుటుంబం చాలాకాలం ఉందట. రంజాన్‌కు వాళ్లు పంపే సేమ్యా ఇప్పటికీ వస్తుందని చెప్పింది. నేను ఎవరికి భయపడ్డాను? ఎవరూ లేరు. ఖాళీ గది ముందు నిలబడి నా దేవుణ్ని ఎరగనన్నాను. ఆ ఖాళీ గది కోసం సలోమి నోటి దగ్గరి రొట్టె లాగేశాను. అప్పటికైనా బోధన్ వెళ్లి చెప్పొచ్చు కదా? బొట్టు మానేశాను. చెప్పలేదు. ఇప్పుడు నాలో తప్పు లేదు కదా, పాతది తవ్వడం దేనికి అని నాకు నేనే వాదించుకుని, ఎప్పటిలాగే గెలిచాను.

ఫ్యాక్టరీ మూతబడింది. క్వార్టర్లలో ముళ్లచెట్లు మొలిచాయి. సాయిలు చెరుకు మానేసి వరి వేశాడు. సలోమి వెనక వరసలోనే ఉంది.

పోయిన వానాకాలం ఆమెకు కాన్సరని తెలిసింది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. ఒకరోజు సాయిలు మందిరానికి వచ్చాడు. లోపలికి రాకుండా చెప్పుల దగ్గర నిలబడి, ఆమెకు ఒక్కసారి రొట్టె తినాలనుందని, అయ్యగారు ఇంటికి వస్తారా అని అడిగాడు. అయ్యగారు పెద్దల వైపు చూశారు. పెద్దలు నావైపు చూశారు. మొదలుపెట్టింది నేనే కదా. మీరేమంటారమ్మా అన్నారు అయ్యగారు. వెళ్లి రండి అనమనే అడుగుతున్నారని ఆయన కళ్లు చెప్తూనే ఉన్నాయి.

నా ముందు తలుపు తెరిచే ఉంది. ఇచ్చి రండయ్యా, అంటే చాలు. తప్పు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. కానీ అంటే, ఇన్నాళ్లు ఎందుకు ఆపారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనక ఇంకొకటి వస్తుంది. నాకు ప్రశ్నల వరస ఎప్పుడూ ముందే కనపడుతుంది.

"నియమం అందరికీ ఒకటే కదయ్యా," అన్నాను.

సాయిలు విన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఆమె పోయింది.

సాయిలు మా సమాధుల స్థలంలో చోటు అడగలేదు. అడిగి మళ్లీ కాదనిపించుకోనన్నాడట. వాళ్లవాళ్లు దహనం చేద్దామంటే ఒప్పుకోలేదు. ఆమె మట్టిల పెట్టుమని అడిగింది అని, తన పొలం గట్టు వారనే గుంత తీయించాడు. కుటుంబమంతా అతనితో మాట మానేసింది. మా సంఘం నుంచి కొందరం వెళ్లాం. అయ్యగారికి జ్వరం, రాలేదు. జ్వరమో సిగ్గో నాకు తెలియదు.

పాడె మీద సలోమి ముఖాన రూపాయి బిళ్లంత బొట్టు ఉంది. అత్త పెట్టింది. ముత్తైదువగా పోయింది కదా అని, ఆపరేషనైన ఆ కళ్లతో నుదురు వెతుక్కుంటూ. మావాళ్లలో ఒకామె నా చెవిలో, తుడుద్దామా అక్క అని అడిగింది. వాళ్లందరూ నా మాట కోసం చూస్తున్నారు. అప్పుడే సాయిలు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీ ప్రార్థన నాకు రాదక్క. నువ్వు పెద్దదానివి. ఆమెకు నువ్వంటే ప్రాణం. రెండు మాటలు చెప్పు."

నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే బొట్టు కనపడదు, ముసలామె కనపడదు, సాయిలు కనపడడు. ప్రార్థన చేశాను. ఎంత బాగా చేశానో మీకు తెలియాలి. ఒక్క మాట తడబడలేదు. చివరి దాకా నిలిచిన నీ దాసురాలని, తగ్గించుకున్న నీ బిడ్డ అని, ప్రతి మాటా నిజం. ప్రతి మాటా ఆమె గురించి. అక్కడున్న ఆడవాళ్లు ఏడ్చారు. సాయిలు ఏడ్చాడు. నాకు మాత్రం నా గొంతు ఎక్కడి నుంచో మైకులో వస్తున్నట్టు వినిపించింది. గుంత అంచున నిలబడి కూడా నేను బాగా మాట్లాడుతున్నానని ఒక్క క్షణం, ఒక్క క్షణమే, సంతోషపడ్డాను.

ఆ క్షణం నన్ను తినేస్తోంది. అంతకుముందు చేసినవన్నీ భయంతో చేశాననుకోవచ్చు. అప్పుడు భయం లేదు. అది నేనే.

నెల మొదటి ఆదివారాలు ఇప్పుడూ వస్తున్నాయి. ఏదో ఒక వంక పెట్టి ఆ పూట బోధన్ వెళ్లడం లేదు. ఒకరోజు అయ్యగారు ఫోన్ చేశారు. స్త్రీల ఆదివారం నాడు నేనే వర్తమానం, అంటే ప్రసంగం, ఇవ్వాలట. అంశం, విశ్వాసంలో నిలకడ, దీనత్వం. మీకంటే ఎవరున్నారమ్మా అన్నారు. ఇదిగో, ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిచాను. ఒంట్లో బాగుండటం లేదయ్యా అన్నాను. ఆయన పాపం ఫోన్లోనే నా ఆరోగ్యం కోసం ప్రార్థించారు. చివర్న ఆమేన్ అన్నాను.

నిలకడ నాకు లేదనుకోకండి. చాలా ఉంది. ఇన్నేళ్లు ఒకే అబద్ధం మీద కదలకుండా నిలబడ్డాను. దేవుడు క్షమించడా అని అడుగుతారు మీరు. ఆయన సంగతి నాకు తెలియదు. క్షమాపణ గురించి ఊళ్లకు ఊళ్లు తిరిగి బోధించినదాన్ని, నా దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకు తల ఎక్కడో తోక ఎక్కడో దొరకడం లేదు. సలోమిని అడగడానికి లేదు. సాయిలును అడిగితే, మంచి మనిషి, పోనీయక్క అంటాడేమో. ఆ మాట అతని చేత అనిపించుకోవడం ఇంకో దొంగతనం. ముసలామె ఇంకా బతికే ఉంది. చూసుకోవడానికి ఆమెకు ఇంట్లో ఏ నుదురూ లేదు.

మధ్యాహ్నం నుంచి కూర్చుని ఇది రాస్తున్నాను. నా పేరు పెట్టలేదు. గమనించే ఉంటారు. పెట్టాలనే కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఊరి పేరు పెట్టాను, ఆమె పేరు పెట్టాను. మావాళ్లెవరైనా చదివితే నేనెవరో పట్టేస్తారు. పట్టుకోనీ. అంతవరకే నా ధైర్యం.

ఒక్కటి మాత్రం చేశాను. వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు నిలబడి, పైకి అన్నాను. తప్పు సలోమిది కాదు, నాది. బొట్టు నేనూ పెట్టుకున్నాను, దాచుకోవడానికి ఆమె రొట్టె ఆపించాను. మాట వంకర పోయింది, గొంతు జీరపోయింది, మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. వినడానికి అస్సలు బాగాలేదు. పూర్తయ్యాక, గొంతులో అడ్డంగా ఉన్నది కొంచెం జరిగింది. పోలేదు. ఊపిరి ఆడేంత సందు ఇచ్చింది.